నడుం మీద చెయ్యి

మా ఉద్దానంలో నడుం నొప్పి వస్తే అది ఉత్త నడుం నొప్పి కాదు. జీడితోటలో పొద్దంతా వంగి పిక్కలు ఏరినా సరే, అనుమానం కిడ్నీ మీదే. వేరే ఊళ్లలో "భోజనం అయిందా" అని పలకరిస్తారు. మా దగ్గర కిడ్నీల రక్తపరీక్షలో "క్రియాటినిన్ ఎంతొచ్చింది" అంటారు.

మా అన్నయ్య మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయాడు. ఆ మూడేళ్లూ వారానికి రెండుసార్లు బండి మీద పలాస తీసుకెళ్లింది నేనే. ఆయన చనిపోయిన నెల నుంచీ నా ఎడమ చెయ్యి నడుం వెనక్కి చేరింది. నడుస్తున్నా, నిలబడినా, ఆఖరికి అన్నం తింటున్నా అక్కడే ఉండేది. రెండు నెలలకోసారి రక్తం ఇచ్చి వచ్చేవాణ్ణి. రిపోర్టు బాగానే ఉండేది. బాగుందంటే ల్యాబు వాడికి పని చేతకాదని తిట్టుకునేవాణ్ణి.

టెక్కలి డాక్టరు ఐదో రిపోర్టు చూసి పక్కన పెట్టేశాడు. "మీ కిడ్నీలు బాగున్నాయి. భుజాలు చూసుకోండి, చెవుల దాకా లేచిపోయాయి," అన్నాడు. మెదడులో కొన్ని భాగాలు కలిసి ఎప్పుడూ మన గురించే మాట్లాడుకుంటాయట. నేను, నాకు, నా గతి ఏమిటి అని. బిగుసుకుని కూర్చుంటే ఆ గోల పెరుగుతుందట. ఒళ్లు వదులు చేసి, చేతులు ఊపుతూ నడిస్తే చాలామందికి సద్దుమణుగుతుందట. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ బిగించి వదలమన్నాడు. రక్తపరీక్ష ఏడాదికోసారి చాలన్నాడు.

మధ్యాహ్నం వసారాలో చాప వేసుకుని మొదలుపెట్టాను. పాదాలు వదిలాయి, తొడలు వదిలాయి. నడుం దగ్గరికొచ్చేసరికి గుండె దడదడలాడింది. నేను కాపలా కాస్తున్నంతసేపే కిడ్నీలు పనిచేస్తాయన్నట్టు ఉంది నా వరస. వదలలేక లేచి కూర్చున్నాను.

మా ఆవిడ చూసి, "ఏటి బావా, పడుకోడానికి కూడా పరీచ్చ రాత్తన్నట్టున్నావు," అంది. నాకు ఒళ్లు మండింది. చాప చుట్టేశాను.

ఆ ఆదివారం, నడిచైనా చూద్దామని, నాలుగో తరగతి చదివే మా అమ్మాయిని తీసుకుని అక్కుపల్లి సముద్రం ఒడ్డుకి వెళ్లాను. అది నాలుగడుగులు ముందు నడుస్తోంది. ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నడుం నొప్పెడతందేటమ్మా?"

"లేదు నాన్నా."

"మరి చెయ్యి అక్కడెట్టావేటి?"

"మనం ఇలాగే కదా నడుత్తాం," అంది, అదేదో మా ఇంటి ఆచారమన్నట్టు.

ఈ రోగం నీళ్ల నుంచి వస్తోందో, మట్టి నుంచి వస్తోందో మాకింకా ఎవరూ తేల్చి చెప్పలేదు. నా కూతురికి భయం ఎవరి నుంచి వచ్చిందో చెప్పడానికి మాత్రం డాక్టరు అక్కర్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాదమ్మా, ఇలా నడుత్తాం," అని చెయ్యి తీసి ఊపాను. రెండడుగులకే ఆ చెయ్యి వెనక్కి పోబోయింది. ఆపాను. నొప్పి ఉందో లేదో తడుముకోకుండా, ఇసకలో కాళ్లు ఈడ్చుకుంటూ పడవల దాకా వెళ్లాను. పిల్ల నా పక్కనే రెండు చేతులూ ఊపుకుంటూ, మధ్య మధ్య నన్ను చూసి సరిచేసుకుంటూ వచ్చింది. అన్నయ్యని బండి దింపి ఆసుపత్రిలోకి నడిపించుకెళ్లిన రోజుల్లో కూడా నేను అంత భయంగా నడవలేదు.