తువ్వాల కింద సాఫ్ట్‌బాల్

ఒకటో తరగతిలో లెక్కల సారు బోర్డు మీద రెండు రెళ్ళు నాలుగు అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇంత సులువుగా చెబుతున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉంది అనుకున్నాను. ఆ అనుమానంతోనే ఏడో తరగతి దాకా లాగి బడి మానేశాను. అనుమానం మాత్రం ఇంకా తీరలేదు.

అనుమానం పెనుభూతం అంటారు. నాది పెంపుడు భూతం. పూటకింత మేత వేసి నేనే సాకుతున్నాను. అది కొన్నేళ్ళ కింద ఇల్లందు గ్రౌండులో తాడు తెంపుకొని, సొంత మేనకోడలినే కుమ్మబోయింది. ఆ వైనం ఇప్పుడు చెబుతాను. నవ్వండి, పరవాలేదు. కాకపోతే నవ్వేటప్పుడు పక్కవాడి ముఖం కూడా ఒకసారి చూసుకోండి. వాడెందుకు నవ్వుతున్నాడో ఎవరికి తెలుసు?

నాది పశువుల అంగడిలో దళారి పని. అక్కడ అసలు ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి ఒకే తువ్వాల కింద దూరుతాయి. లోపల వేళ్ళు పట్టుకుని నొక్కుతూ బేరం తెగ్గొడతారు. పైన నోళ్ళు మాత్రం వానల గురించో, అల్లుడి గురించో మాట్లాడుతుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళకు మిగిలేది అల్లుడి ముచ్చటే. బడిలో రాని చదువు నాకు అక్కడ ఒక్క ముక్కలో వచ్చేసింది. పైకి కనబడేది అబద్ధం, నిజం తువ్వాల కింద ఉంటుంది.

మా అక్క కూతురు శిరీష అప్పుడు తొమ్మిదో తరగతి. పినపాక పక్క మా ఊళ్ళో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారంటే మొదట నేను నమ్మలేదు. తర్వాత ఆ బాల్ చేత్తో పట్టుకుని చూశాను. పేరు మెత్తన, బాల్ రాయి. ఈ ఆట మీద నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

ఆ రోజు ఇల్లందు పిల్లలతో మ్యాచ్. గ్రౌండు పక్కన టెంటు కింద ముగ్గురు సార్లు కూర్చుని ఆట చూసి, జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుతారు. అక్క ముందే తేల్చి చెప్పింది. "ఈసారి నీ పేరు రాకుంటే బ్యాట్ బంద్. ఆదివారమైతే సాలు, గ్రౌండుకు ఉరుకుడే. ఇగ నాతోని పత్తి ఏర రావాలె." శిరీష ఆ రాత్రి బ్యాట్‌ను పక్కలో పెట్టుకుని పడుకుంది.

పిల్లల్ని తీసుకుపోయింది నా ట్రాలీలోనే. మామూలుగా ఎడ్లను ఎక్కించే చిన్న లారీ లాంటి బండి. కడిగాను, కానీ కడిగితే ఎద్దు వాసన పోతుందా? మా పిల్లలు దిగి నడుస్తుంటే ఇల్లందు పిల్లలు ముక్కులు మూసుకుని దారి ఇచ్చారు. మేం ఆ రోజు ముందున్నది ఆ ఒక్క క్షణమే.

ఆట తెలియని వాళ్ళకు రెండు మాటలు. క్రికెట్లో బౌలర్ ఎట్లాగో ఇందులో పిచర్ అట్లా. బ్యాట్ పట్టిన పిల్ల వెనక క్యాచర్ ముఖానికి ముసుగేసుకుని గొంతుక్కూర్చుంటుంది. మోకాళ్ళ మధ్య వేళ్ళు చూపించి, ఏ బాల్ వెయ్యాలో పిచర్‌కు చెబుతుంది. నేను ట్రాలీని పిచర్ వెనక, గ్రౌండు ఆ చివర ఆపాను. అక్కడి నుంచి క్యాచర్ వేళ్ళు తిన్నగా కనిపిస్తున్నాయి.

వేళ్ళు! నా ఒళ్ళు పులకరించింది. శిరీషను పక్కకు పిలిచాను.

"బిడ్డా, వాళ్ళ వేళ్ళు నేను చదువుత. జోరుగ వచ్చే బాల్ అయితే తువ్వాల కుడి భుజం మీద ఏస్త. మెల్లగ వచ్చేదైతే ఎడమ భుజం మీద. నన్ను చూసి కొట్టు."

"వద్దు మామా, మా ఆటల మేడం చూస్తే తిడ్తది. బాల్‌ను చూసి కొట్టాలె గని నిన్ను చూసి కొడతరా?"

"మరి పత్తి ఏరుతవా?"

పిల్ల కాసేపు కాలి బొటనవేలితో నేల గీకింది. "కుడి అంటే నీ కుడా, నా కుడా?" అంది.

"నాదే."

మ్యాచ్ మొదలైంది. ఇల్లందు క్యాచర్ ఒక వేలు చూపింది. బాల్ జోరుగా వచ్చింది. రెండు వేళ్ళు చూపింది. మెల్లగా వచ్చింది. మళ్ళీ ఒక వేలు, మళ్ళీ జోరు. మళ్ళీ రెండు, మళ్ళీ మెల్లగా.

మీరైతే ఏమనుకుంటారు? అర్థమైపోయింది అనుకుంటారు. అందుకే అంగడిలో మీకు పళ్ళూడిన ఎద్దును అంటగడతారు. నేను మోసపోతానా? ఇది పైకి చూపే వేలు, అసలు బేరం ఇంకెక్కడో నడుస్తోంది, తువ్వాల ఎక్కడ అని గ్రౌండంతా గాలించాను.

దొరికింది. ఇల్లందు కోచ్ సారు భుజం మీద! సారు గీత వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు. తువ్వాలను కుడి భుజం మీదకు మార్చాడు, బాల్ జోరుగా వచ్చింది. ఎడమ భుజం మీదకు మార్చాడు, మెల్లగా వచ్చింది. కాకి వాలితే తాటిపండు రాలడం కూడా ఇట్లాంటిదే. కానీ అప్పుడు నాకు ఆ కాకి కూడా కోచ్ మనిషే అనిపించింది.

శిరీష వంతు వచ్చింది. సారు కుడి. నేనూ కుడి. క్యాచర్ రెండు వేళ్ళు చూపిస్తే, ఎవరికి చూపిస్తున్నవే అని మీసంలో నవ్వుకున్నాను. బాల్ మా ఊరి ఆఖరి బస్సులాగా తాపీగా బయలుదేరింది. అది సగం దారిలో ఉండగానే శిరీష బ్యాట్ గాలిలో ఊగి, ఒక చుట్టు చుట్టేసింది. ఇట్లాగే మూడుసార్లు. మూడు తప్పితే అవుట్.

తర్వాత మా వాళ్ళు బాల్ వేసే వంతు. అప్పుడు శిరీష నిలబడేది నా ట్రాలీకి దగ్గర్లోనే.

"ఏంది మామా! జోరు అంటివి, అది పాకుకుంట వచ్చె!"

"నన్ను కనిపెట్టిండు బిడ్డా. ఉల్టా చేసిండు."

"ఎవలు?"

"గట్టిగ అనకు. ఆ తువ్వాలాయన."

శిరీష అటు చూసింది. "ఆయన నీ దిక్కే చూస్తుండు మామా."

"చూస్తడు మరి. దొంగకే దొంగ తెలుస్తడు."

రెండోసారి శిరీష బ్యాట్ పట్టింది. సారు కుడికి వేస్తే నేను ఎడమకు వేశాను. బాల్ తుపాకీ గుండులా వచ్చింది. శిరీష బ్యాట్ ఎత్తేలోపే క్యాచర్ చేతిలో 'టప్' మంది. తర్వాత బాల్ కూడా అంతే. అప్పుడు సారు తువ్వాల తీసి తలకు చుట్టాడు. మా ఒప్పందంలో తల లేదు. అయినా ఒక్క సమాచారం కూడా తప్పిపోకూడదని నేనూ తలకు చుట్టాను. సారు విప్పి విసురుకున్నాడు. నేనూ విప్పి విసురుకున్నాను. శిరీష నోరు తెరుచుకుని నా పూనకం చూస్తూ ఉండగానే మూడో బాల్ ఆమె పక్క నుంచి మర్యాదగా వెళ్ళిపోయింది. అవుట్. టెంటు కింద ఒక సారు కలం మూత పెట్టేశాడు. నా గుండెలో పత్తి చేను కదిలింది.

ఇంతలో కోచ్ సారు గీత దాటి నా మీదికే వచ్చాడు.

"ఏందన్నా, పొద్దటిసంది చూస్తున్న. నన్ను ఎక్కిరిస్తున్నవా?"

"నేనా సారూ?"

"కుడికేస్తే కుడికేస్తివి. తలకు చుడితే తలకు చుడితివి. ఒకపాలి నేను కుడికేస్తే నువ్వు ఎడమకేసినవ్, అది ఇంకా పెద్ద ఎక్కిరింపు! మనిషి బాధ నీకు నవ్వులాట అయిందా?"

అని తువ్వాల తీశాడు. మెడకు ఈ పక్కొక సెగగడ్డ, ఆ పక్కొక సెగగడ్డ. రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"అటు నడిస్తే ఈ గడ్డకు ఎండ కొడుతుంది, ఇటు నడిస్తే ఆ గడ్డకు. ఎండ ఎటుంటే అటు కప్పుకుంటున్న. ఇది గూడ తప్పేనా?"

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. సారు గడ్డ నాకు రహస్య లిపి అయి కూర్చుంది.

"మరి... పిచర్‌కు ఏ బాల్ ఎయ్యాలెనో ఎవలు చెప్తుండ్రు సారూ?"

"క్యాచర్ వేళ్ళు చూపిస్తనే ఉంది కదా! ఒకటైతే జోరు, రెండైతే మెల్లగ. అంతకన్న ఎక్కువ నేర్పితే పిల్లలు మర్చిపోతరు."

"అంతేనా?"

"అంతే."

"కింద ఇంకేం లేదా?"

"దేని కింద?"

నాకు లెక్కల సారు గుర్తొచ్చాడు.

కోచ్ సారు ఇక నన్ను నమ్మలేదు. "అది ఇటియ్యి" అని నా తువ్వాల గుంజుకున్నాడు. రెండు గడ్డలకు రెండు తువ్వాలలు కప్పుకుని నా పక్కనే కాపలా నిలబడ్డాడు.

శిరీష ఆఖరిసారి బ్యాట్ పట్టింది. క్యాచర్ వేళ్ళు చూపింది. ఇప్పుడు నాకు నిజం తెలుసు, కానీ చేతులు కదిపే వీలు లేదు. రెండు అరచేతులూ చంకల్లో దాచుకుని, చలి పెట్టిన కోడిలా నిలబడ్డాను. శిరీష నా వైపు ఒక్కసారి చూసింది. నా భుజాలు బోడిగా ఉన్నాయి. చూపు తిప్పుకుంది.

ఠప్!

బాల్ అందరి తలల మీదుగా మా ఇద్దరి వైపే వచ్చింది. సారూ నేనూ ఒకరి మీద ఒకరం పడి కూర్చున్నాం. అది నా ట్రాలీ డోర్‌కు తగిలి అరచేతంత సొట్ట పెట్టింది.

"అన్నా, ఇది జోరా, మెల్లగనా?" అన్నాడు సారు కింద నుంచే.

సాయంత్రం టెంటు కింద పేర్లు చదివారు. ఆఖరి పేరు శిరీషది. పిల్లలందరూ కేకలు పెడుతుంటే నేను మాత్రం ఆ కాగితం వెనక ఇంకో కాగితం ఉందేమోనని తొంగి చూశాను. లేదు.

తిరుగు దారిలో శిరీష ముందు సీట్లో కూర్చుంది. నేను సొట్ట పడ్డ డోర్ మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, పిల్లలందరూ వినేలా ప్రమాణం చేశాను. "ఈ బండి మీద ఒట్టు, ఇందుల ఎక్కిన ఎడ్ల మీద ఒట్టు, అవి తిన్న గడ్డి మీద ఒట్టు. ఇగ బతికున్నన్ని రోజులు ఆటకాడ తువ్వాల ముట్ట. చెమటొస్తే చేత్తోనే తుడుచుకుంట. మళ్ళ ఒక్క సైగ చేస్తే నన్ను అంగడిల కట్టేసి అమ్ముండ్రి!"

"పళ్ళు చూసినంక నిన్నెవలు కొంటరు మామా!" అని వెనక నుంచి ఎవరో పిల్ల అరిచింది.

ఒట్టు వేసి గట్టిగా మైలు కూడా పోలేదు, నా పెంపుడు భూతం మళ్ళీ మెడ ఎత్తింది. గొంతు తగ్గించి అడిగాను. "గది సరే గని బిడ్డా, సైగ లేకుండ ఆ బాల్ ఎట్ల కొట్టినవే?"

శిరీష ఒళ్ళో ఉన్న బ్యాట్ మీద దుమ్ము తుడుచుకుంటూ అంది:

"ఎందుకు లేదు మామా? పొద్దటిసంది నువ్విచ్చిన మంచి సైగ అదొక్కటే. నీ భుజం మీద తువ్వాల లేకపాయె. ఇగ బాల్‌ను చూడొచ్చు అనుకున్న."