ఆదివారం పదింటి నుంచి నాలుగింటి దాకా

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. ఒకసారి కొండగట్టు కింద బస్సు ఆగినప్పుడు నా చేతిలోని అరటిపండును కోతి లాక్కుపోయింది. కరీంనగర్ చేరేసరికి కోతులు నలభై అయ్యాయి. ఇల్లు చేరేసరికి వాటిలో ఒకటి నా కళ్లద్దాలు పెట్టుకొని పేపరు చదివింది, రాశిఫలాల దగ్గర ఆగి పెదవి కూడా విరిచింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా భార్య దీనికొక మందు కనిపెట్టింది. నేను చెప్పే ప్రతి లెక్కనూ పదితో భాగించి వింటుంది. నలభై కోతులంటే ఆమెకు నాలుగు. నిజానికి ఉన్నది ఒకటే. చదివేవాళ్లు కూడా ఆ లెక్కను దగ్గర పెట్టుకోవాలని మనవి.

మాకు ఒక్కతే బిడ్డ. ఈ ఏడు ఆదిలాబాద్‌లో నర్సింగ్ కాలేజీలో చేరింది. పరుపు, బకెట్టు, మామిడికాయ తొక్కు జాడీతో మేం బస్సెక్కుతుంటే కండక్టరు, ఆదిలాబాద్‌కు ఇల్లు మారుస్తున్నారా అని అడిగాడు. నిర్మల్ ఘాట్ల మలుపుల్లో నా ఒళ్లోని జాడీ ఊగిన ఊపుకు, ముందు సీటాయన చొక్కా ఈనాటికీ తొక్కు వాసన వేస్తుంటుంది. హాస్టల్ గదిలో అప్పటికే ముగ్గురు పిల్లలున్నారు. ముగ్గురూ ఒకే ఊరివాళ్లు, మరాఠీలో గలగలా మాట్లాడుకుంటున్నారు. మా పిల్ల వాళ్లకేసి చూసి నవ్వింది. వాళ్లూ నవ్వారు. ఆ తర్వాత ఏం చేయాలో నలుగురికీ తెలియలేదు. మా బిడ్డ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఇంటి వాటా మొత్తం నేనే వాడేసినందుకు కావచ్చు.

హాస్టల్ వాళ్లు ఆదివారం పదింటికి గేటు తెరుస్తారు. పిల్లలు బయట తిరిగి నాలుగింటికల్లా రావాలి. ఆ ఆరు గంటలూ మా పిల్ల ఫోను ఎత్తదు. గదిలోనే పెట్టి పోతుంది. నాలుగూ ఐదు నిమిషాలకు తానే చేస్తుంది.

"యాడికి పోయినవు బిడ్డా?" అంటే, "గిట్లనే, బయటికి" అంటుంది.

"ఎవ్వలతోని?"

"అందరు పోతరు గదా బాపూ."

ఆ సమాధానంతో మా ఇల్లు రెండు ముక్కలైంది. తోడు ఎవరో ఉన్నారని మా ఆవిడ భయం. ఎవరూ లేరేమోనని నా భయం. ఏ ఆదివారం చూసినా ఇద్దరం గోడ గడియారం కింద కూర్చొని, గంట గంటకూ ఒకరి భయం ఒకరికి వడ్డించుకునేవాళ్లం.

"కాలేజీల ఏం జేసినా మేడంలు సూస్తరు. గేటు దాటినంక ఎవ్వలు సూడాలె?" అనేది ఆమె.

"సూసెటోళ్లు లేకనే నాకు పరేషాను," అనేవాణ్ని నేను.

మాది మెథడిస్టు సంఘం. మా చర్చిలో ఒకామెకు ఆదిలాబాద్‌లో వదినె ఉంది. మా పిల్ల అక్కడి ఆరాధనకు వస్తున్నదా అని మా ఆవిడ ఆమె ద్వారా అడిగించింది. "ఒక్కనాడు సుత కనవడలే" అని కబురొచ్చింది. దాంతో విషయాన్ని శుక్రవారం జరిగే స్త్రీల ఉపవాస ప్రార్థనలో పెట్టాలని మా ఆవిడ నిశ్చయించుకుంది. ఆ వారం కూడిక మా ఇంట్లోనే. చాపలు పరిచి, మంచినీళ్ల బిందె మోసి, నేను కూడా ఓ మూల కూర్చున్నాను.

ఆమె అడిగింది ఒక్కటే: "మా బిడ్డకు ఆదిలాబాదుల మంచి దోస్తులు దొరకాలె, జర ప్రార్థన జేయున్రి."

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, అందరూ కళ్లు మూసుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు నోటికొచ్చిన మాటలతో పైకి ప్రార్థిస్తారు. ముందామె చెప్పిందే చెబితే బాగుండదని, వెనకామె తన వంతు కొంత కలుపుతుంది.

మొదటామె, "తండ్రీ, ఒంటరిగ ఉన్న నీ బిడ్డకు మంచి స్నేహితులను దయచేయి" అంది. నా గుండె కరిగింది.

రెండో ఆమె, "చెడ్డ స్నేహితులుంటే దూరం జేయి తండ్రీ" అంది. అదీ న్యాయమే.

మూడో ఆమె, "ఆ పిలగాని మనసు మార్చు" అంది. నేను ఒక కన్ను తెరిచాను. ఏ పిలగాడు?

నాలుగో ఆమె అతనికి మోటారుసైకిల్ ఇచ్చి, దాన్ని నిర్మల్ ఘాట్లలో ఆపమని వేడుకుంది. ఐదో ఆమె, వాళ్లిద్దరూ రిజిస్ట్రారాఫీసు మెట్లెక్కకముందే అడ్డం నిలబడమంది. చివరికి పాస్టరమ్మ, "లగ్గం సంగతి నీ చిత్తమే ప్రభువా" అని ముగించింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. కళ్లు మూసుకున్నవాళ్ల మధ్య లేచి అభ్యంతరం చెప్పే పద్ధతి మా సంఘంలో లేదు. ముప్పై ఏళ్లుగా గోరంతలు కొండంతలు చేసిన నేను, నా ఇంట్లో, నా చాప మీద ఓడిపోయాను.

చాపలు చుడుతుంటే ఒకామె మా ఆవిడను మెల్లగా అడిగింది. "పిలగానిది ఏ ఊరు వదినా?"

ఆ వచ్చే ఆదివారమే, కూడిక కబురు అందిన ఆదిలాబాద్ వదినె ఇంకొందరిని వెంటేసుకొని హాస్టల్‌కు పోయింది. ఒకే ఆటోలో ఇరవై మంది. గేటు దగ్గర పిల్లలంతా బయటికి పోవడానికి వరుస కట్టి ఉన్నారు. వీళ్లు మా పిల్లను వరుసలోంచి బయటికి పిలిచి, చుట్టూ నిలబడి, తల మీద చేతులు పెట్టి, ఆ పిలగాణ్ని ఆమె మనసులోంచి వెళ్లగొట్టే పనిలో పడ్డారు. పది జిల్లాలకు వినబడేంత గొంతుతో.

నాలుగూ ఐదుకు ఫోనొచ్చింది. అప్పుడే నీళ్లొచ్చాయని మా ఆవిడ నల్లా దగ్గర ఉంది. నేనే ఎత్తాను.

"బాపూ, ఎవడా పిలగాడు?"

"ఎవ్వడు లేడు బిడ్డా."

"గాయిన కోసం పావుగంట ప్రార్థన జేసిన్రు. వాచ్‌మన్ సుత ఆమెన్ అన్నడు."

నేను నవ్వాను. అటు నుంచి నవ్వు రాలేదు.

"మీ అమ్మ నీకు దోస్తులు దొరకాలని అడిగింది బిడ్డా. గంతే. నడుమ జర పెరిగింది."

"నాకు దోస్తులు లేరని గిప్పుడు హాస్టల్ మొత్తం ఎరుకైంది."

నేను మాట మార్చాను.

"మరి గిన్నొద్దులు యాడికి పోతున్నవు?"

"బస్టాండుకు."

"బస్టాండుల ఏమున్నది?"

"కుర్సీలున్నయి. కరీంనగర్ బస్సులస్తయి. సూస్త."

"గదిల ఉండరాదా మరి?"

"అందరు పోయినంక ఒక్కదాన్నే ఉంటే, నువ్వెందుకు పోలేదని వార్డెన్ అడుగుతది బాపూ. ఏం జెప్పాలె?"

"ఫోను తీస్కపోతే ఏమాయె?"

"మైకుల బస్సుల పేర్లు సదువుతరు గదా. నువ్వు ఇని గుర్తువడుతవు."

నేను అడిగాను. "అక్కడ ఒక్కదానివే కూసుంటవా?"

"మొదట్ల ఒక్కదాన్నే. గిప్పుడు మా కాలేజీల ఉట్నూరు పిల్ల ఒకతె సుత అస్తది. ఆమెకు సుత వార్డెనంటే జడుపే. పల్లికాయ కొనుక్కుంటం. బస్సు దిగెటోళ్లను సూసి, ఎవలు ఎవలింటికొచ్చిన్రో పందెం కడుతం. ఆమెనే గెలుస్తది."

మా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను పెట్టేసి ఉంది.

"ఏమన్నది?"

బస్టాండు గురించి చెప్పాను. ఉట్నూరు పిల్ల గురించి చెప్పాను. పల్లికాయ, పందెం, అన్నీ చెప్పాను.

"ఎంతమంది దోస్తులు?"

"ఒక్కతె."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "మంచిది," అని మళ్లీ నల్లా దగ్గరికి పోయింది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటి మిగిలింది. ఆటోలో ఎక్కింది నలుగురే. చొక్కా మీద తొక్కు పడింది నిజం, వాసన ఒక్క ఉతుకుకే పోయి ఉంటుంది. ఇవన్నీ పెంచినవి, పుట్టించినవి కావు. మోటారుసైకిల్‌తో సహా ప్రార్థన మొత్తం జరిగింది జరిగినట్టే రాశాను. దాన్ని పెంచే శక్తి నాకు లేదు.

నేను పుట్టించింది ఉట్నూరు పిల్లను ఒక్కదాన్నే. అక్కడ ఒక్కదానివే కూర్చుంటావా అని నేను అడిగిన మాటకు మా బిడ్డ చెప్పింది ఇంతే: "నేను మంచిగనే ఉన్న బాపూ. పెట్టేస్తున్న."

మా ఆవిడకు ఈ సంగతి తెలుసో తెలియదో నేను అడగలేదు. ఒకటిని పదితో భాగిస్తే ఏం మిగులుతుందో మాత్రం ఆమెకు బాగా తెలుసు. అయినా మొన్న శనివారం, ఆదిలాబాద్ పోయే మనిషి చేతికిచ్చి పంపడానికి సర్వపిండి చేసినప్పుడు, రెండు పొట్లాలు కట్టింది.