వించ్ నుంచి మోటారును విడదీసిన కోటేశ్వరి

డిప్లొమాలో నేను మెకానికల్ తీసుకున్నది, యంత్రాలతో ఉంటే మనుషులతో ఎక్కువగా మాట్లాడనక్కర్లేదన్న ఆశతో. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. తీరా పిడుగురాళ్లలో ఒక స్కూలువాళ్లు నాకు రోబోటిక్స్ ల్యాబ్ అప్పగించారు. రోజంతా పిల్లలతో మాటలే.

ఇది 2024 సంగతి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పోటీకి ఒక రోబో చేస్తున్నారు. అది పల్లంలోని చిన్న ఇసుక బస్తాకు కొక్కెం తగిలించి, తాడు వదులుకుంటూ వాలు ఎక్కి, పైనుంచి వించ్‌తో బస్తాను లాక్కోవాలి. తర్వాత రెండో బస్తాకు వెళ్లాలి. వించ్ అంటే తాడు చుట్టుకునే డ్రమ్ము. దాని ఇరుసే యాక్సిల్. గేర్ల మోటారు యాక్సిల్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ తాడు బయటికి రాదు. అందుకని మధ్యలో క్లచ్ పెట్టాం, ఎదురెదురుగా పళ్లున్న రెండు బిళ్లలు. సర్వో అనే చిన్న మోటారు ఒక బిళ్లను పక్కకు జరిపితే యాక్సిల్ తేలిగ్గా తిరుగుతుంది.

ఆ క్లచ్ కోటేశ్వరి చేసింది. వాళ్ల నాన్న సున్నం లారీ డ్రైవరు. ఖాళీ తాడుతో బాగానే విడేది. బస్తాను పైకి లాగాక మాత్రం బిళ్ల కదిలేది కాదు, సర్వో గుయ్యిమనేది. ఇంకా పెద్ద సర్వో పెట్టింది. బిళ్లను జరిపే పుల్ల విరిగింది.

స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు అది చూశారు. "శనివారానికి ఇది ఒదలకపోతే రెడీమేడ్ కిట్ పెట్టండమ్మా. ఈ పిల్ల బదులు ఇంకోళ్లని తీసుకోండి."

ఆయన వెళ్లాక కూడా కోటేశ్వరి తల ఎత్తలేదు. "తాడు మీద వేలు పెట్టి చూడు," అన్నాను.

పెట్టింది. "ఇదింకా గుంజతానే ఉంది మేడం!"

"ఆ బిగువంతా ఎక్కడ పడుతోంది?"

"పళ్ల మీద." నవ్వింది. "లారీ తాడు ఇప్పేటప్పుడు మా నాన్న ముందు ముడి జోలికి పోడు. క్లీనర్ మామ పైకెక్కి బస్తాలు తొక్కుతాడు. తాడు సడలినాకే ముడి. మనమేమో ముడితో కొట్లాడతన్నాం."

"ఇక్కడ తొక్కేదెవరు మరి?"

"మోటారే. కాస్త ఎనక్కి తిప్పుదాం."

ముందు మోటారు కొంచెం వెనక్కి, తర్వాతే సర్వో. ప్రోగ్రాంలో మార్చింది అంతే. విరిగిన పుల్ల బదులు కొత్తది పెట్టి, పాత సర్వోనే మళ్లీ బిగించాం.

శనివారం ల్యాబ్‌లో కరస్పాండెంట్ గారి ముందు నడిపి చూపించాం. బస్తా పైకి వచ్చింది. మోటారు వెనక్కి తిరిగి తాడు వేలాడగానే కరస్పాండెంట్ గారు, "జారిపోతంది, ఆపండి!" అంటూ స్విచ్ మీదికి చెయ్యి చాచారు. నేను స్విచ్‌కు అడ్డంగా చెయ్యి పెట్టాను. "ఒక్క క్షణం సార్."

బస్తా జారలేదు. టక్కుమని బిళ్ల విడింది. కొక్కెం ఊడి పడింది. డ్రమ్మును వేలితో తిప్పి చూశారాయన. "చానా బాగుంది. ఈ పిల్ల పేరు తియ్యొద్దు," అన్నారు.

పట్టు విడవకపోతే బలం పెంచడమే అంతవరకూ నేను పిల్లలకు చెప్పిన మందు. ఇప్పుడు ఏది ఇరుక్కున్నా, ముందు దాని మీద బరువెంతుందో చూడమంటాను.

ఆ శనివారం మాత్రం క్లచ్ వైపే చూస్తూ నిలబడిపోయాను. కోటేశ్వరి నా కొంగు లాగింది.

"పక్కకి జరగండి మేడం, రెండో బస్తాకి పోవాల."