మూరెడు మైకు, నిమిషం మౌనం

తారకేశ్వరరావు సినిమాలకు శబ్దం పట్టే మనిషి. ముప్పై యేళ్లనాటి మూరెడు పొడవు మైకును తువ్వాలులో చుట్టి, పలాసలో బస్సెక్కినా ఒళ్లోనే పెట్టుకుంటాడు. ఎవరు పలకరించినా ముఖానికి బదులు ఎడమచెవి తిప్పుతాడు. అది పొగరు కాదు, ఆయన మర్యాదే అంత. “ఈ మైకుకు చెవుడొచ్చింది, రేపు కొత్తది తెప్పిస్తా”నని దర్శకుడు వరుణ్ తేల్చేసిన రోజున, డొంకూరు తీరంలో ఇంకొక్క పని మిగిలింది: మాటల నడుమ అతకడానికి ఒక నిమిషం పాటు ఉత్త సముద్రపు హోరు పట్టాలి.

“దయచేసి అందరూ ఒక నిమిషం మౌనం పాటించండి” అని ఆయన చేతులు జోడించగానే, వలలు అల్లుతున్నవాళ్లంతా లేచి, తలగుడ్డలు విప్పి, తలలు వంచి నిలబడ్డారు. యాభయ్యో సెకనులో, దూరాన పడవ అవతల నిలబడ్డ రాజులమ్మ పక్కనున్న మొగుడితో గుసగుసలాడింది.

“మావా, ఇంతకీ సచ్చిపోయినోడెవులు?”

“నాకేటి తెల్సు? ఏడుపు మొకం ఎట్టు, సాలు.”

తారకేశ్వరరావుకు కోపం రాలేదు. హెడ్‌ఫోన్లు తీసి వరుణ్ చెవులకు తగిలించి, ఆ గుసగుస వినిపించాడు.

“అంత దూరంనుంచా! సరే, రేపు కూడా మీ మైకే. ముందు ఇంకో నిమిషం పట్టండి” అన్నాడు వరుణ్ నవ్వాపుకుంటూ.

ఆయన పొంగిపోతూ మళ్లీ చేతులు జోడించాడు. రాజులమ్మ గుండె బాదుకుంది.

“ఓలమ్మో, ఇంకొకడు కూడా పోనాడేటి మావా!”