బొటనవేలి కింది బొత్తాం

మా ఆయనకు రిమోట్ల పిచ్చి. టీవీకి ఒకటి, డీవీడీ ప్లేయరుకు ఒకటి, డిష్‌కు ఒకటి, నాలుగు మూలలా స్పీకర్లు పెట్టి దద్దరిల్లించే ఆంప్లిఫయరుకు ఇంకొకటి. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే చాలు, ఏదో ఒక డబ్బా చంకన పెట్టుకొని దిగేవాడు. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజుల్లో, బెంగుళూరు దాకా పోయి, అన్నిటికీ కలిపి ఒకే రిమోటు తెచ్చాడు. యూనివర్సల్ రిమోటట. ఇటుక ముక్కంత ఉండేది. దాన్ని చూసిన రోజునుంచీ నాకు భయమే.

సినిమా ఆడించి ఊరుకునేదైతే ఇంత భయం ఉండేది కాదు. ఆయన ఇంట్లో లైట్లన్నిటినీ కూడా దాని కిందికి తెచ్చాడు. హాలు లైట్లు సరే, వరండాలో బల్బు, వాకిట్లో గోడకు బిగించిన రెండు ఫోకస్ లైట్లు, ఇంటి వెనక గొడ్ల కొట్టంలో బల్బు, అన్నిటి వైర్లూ హాల్లోని ఒకే పెట్టెలోకి లాగాడు. ఎందుకని అడిగితే, సినిమా చూసేటప్పుడు కిటికీలోంచి వెలుతురు పడితే బొమ్మ పాలిపోతుందన్నాడు. ఆవు పాలివ్వడం కంటే బొమ్మ పాలిపోకపోవడం ఆయనకు ముఖ్యం.

అన్ని బొత్తాలు నా బుర్రకెక్కవని, నా స్టిక్కర్ బొట్లే రెండు తీసి రెండు బొత్తాల మీద అంటించాడు. ఎర్రబొట్టు నొక్కితే సినిమా. లైట్లన్నీ ఆరిపోతాయి, టీవీ, ప్లేయరు, ఆంప్లిఫయరు వరసగా లేస్తాయి. పచ్చబొట్టు నొక్కితే దానికి తలకిందులు. సినిమా ఆగిపోతుంది, ఇంటా బయటా లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి. "నొక్కినాక చెయ్యి కదిలించొద్దు మే. అది ఒక్కోదానికీ ఒక్కో మాట చెప్పుకుంటా పోతుంది. మధ్యలో కదిలిస్తే సగం వింటాయి, సగం వినవు" అని మరీ మరీ చెప్పాడు. ఒకసారి తుమ్ము వచ్చి చెయ్యి కదిలింది. టీవీ ఆరిపోయింది, స్పీకర్లు మాత్రం బుస్సుమంటూనే ఉన్నాయి, వాకిట్లో ఫోకస్ లైట్లు వెలిగాయి. మామ ఉలిక్కిపడి టీ అంతా పంచె మీద పోసుకున్నాడు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి తప్ప నేను బొత్తాం నొక్కలేదు.

మా ఇల్లు కెలమంగలం దాటాక, ఊరికి దూరంగా, చేనులోనే ఉంటుంది. కోతలయ్యాక రాగి పనలు వామి వేసి కొట్టం పక్కనే పెట్టుకుంటారు. ఆ వాసనకు చలికాలం అడవిలోంచి ఏనుగులు దిగుతాయని పెళ్లయిన కొత్తలోనే నన్ను బెదిరించారు. నా పుట్టిల్లు కృష్ణగిరి దగ్గర గురుబరపల్లి, హైవే పక్క. హారను విని లారీ ఎంత దూరంలో ఉందో చెప్పగలను గానీ, ఏనుగును నేను చూసిందల్లా హోసూరు వీధుల్లో అంగడి అంగడికీ అరటిపళ్ళు అడుక్కునేదాన్నే.

ఆ సాయంత్రం మా ఆయన రెండో షిఫ్టుకు పోయాడు. పొద్దు గూకి చీకటి పడుతోంది. అత్త పాలచెంబు తీసుకొని కొట్టంలోకి పోయింది. ఆవు ఈని పది రోజులైనా కాలేదు, దూడ పక్కన ఆమె కూర్చుంటే తప్ప పాలు చేపేది కాదు. మామ కుర్చీలో సర్దుకొని, "అమ్మా, నిన్న సగంలో నిలిచిపాయనే, ఆ సినిమా పెట్టమ్మా" అన్నాడు. ఆయనకు చెవుడు కొంచెం. సౌండు ఎక్కువ పెట్టాలి.

ఎర్రబొట్టు నొక్కాను. చెయ్యి కదల్చలేదు. అన్నీ బుద్ధిగా విన్నాయి. లైట్లు పోయాయి, బొమ్మ వచ్చింది.

కొట్టంలో బల్బు కూడా పోతుంది కాబట్టి, మామూలుగా అయితే ఆ వెంటనే అత్త కేక వినపడాలి. "ఏమ్మే, ఈడ చీకటి చేసి పెట్టినావే!" అని. నేను పచ్చబొట్టు నొక్కి, ఆమె పాలు పితికేదాకా సినిమా ఆపి, మామ సణుగుడు వినాలి. రోజూ ఇదే తంతు. ఆ రోజు కేక రాలేదు. పితకడం అయిపోయిందేమో అనుకొని నేనూ సినిమాలో పడ్డాను.

కొంచెంసేపటికి వెనక ఎడమ మూలనుంచి ఒక శబ్దం వచ్చింది. పెద్ద తిత్తిలోంచి గాలి వదిలినట్టు, బుస్సుమని. మామ తొడ చరిచాడు. "ఏం సౌండమ్మా! మన వెనకాల నిలబడుకొని ఊదినట్టే ఉండాది!"

టీవీలో పెళ్లివారు బంతి భోజనాలు చేస్తున్నారు.

అప్పుడు నా చూపు ఫ్రిజ్ మీదికి పోయింది. వెనక ఎడమ మూల స్పీకరు అక్కడుంది. గరగరమంటోందని మా ఆయన పొద్దున్నే దాన్ని గోడమీదనుంచి దించి, మూత విప్పి, వైర్లు బయటికి లాగి, ఫ్రిజ్ మీద పెట్టి పోయాడు. ఆ మూల గోడకు ఇప్పుడు రెండు మేకులు తప్ప ఏమీ లేవు. ఆ గోడకు అవతల కొట్టం, కొట్టాన్ని ఆనుకొని రాగివామి.

మళ్లీ వచ్చింది శబ్దం. ఈసారి సన్నగా, లోతుగా, గొంతులోనే గురగురమన్నట్టు. కిటికీ ఊచలు జుమ్మన్నాయి. ఆ తర్వాత పనలు లాగుతున్న చప్పుడు, పరపరా, తొందరేమీ లేకుండా.

"మామా, ఆ స్పీకరు గోడకు లేదు" అన్నాను. ఆయనకు వినపడలేదు. చెవిలో నోరుపెట్టి మళ్లీ చెప్పాను. ఆయన ఫ్రిజ్ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. అడవి అంచున కొండవారన గొర్రెలు మేపి పెరిగిన మనిషి. చిన్నప్పుడు ఆయన కళ్లముందే ఆయన చిన్నాయనను ఏనుగు తొక్కేసింది. టీవీ వెలుతురులో ఆయన మొహం చూడలేకపోయాను.

"మీయత్త యాడుండాది?"

"కొట్టంలో."

"చీకట్లోనా? లైటెయ్యమ్మా! లైటెయ్యి!"

బొటనవేలు పచ్చబొట్టు మీదికి పోయింది. అక్కడే ఆగింది. కొట్టంలో బల్బు ఒక్కటీ వెయ్యడం నాకు రాదు. మా ఆయన నేర్పలేదు, నేను అడగలేదు. వేస్తే అన్నీ వెయ్యాలి. ఇంతసేపూ మోగుతున్న సినిమా టక్కున ఆగిపోతుంది, లైట్లన్నీ ఒక్కసారి ఏనుగు కళ్లల్లో పడతాయి. బెదిరి అది ఎటు పరిగెత్తుతుంది? అడవివైపా, కొట్టంవైపా? పోనీ, వెయ్యకుండా ఉంటే? మామ అనుకున్నట్టే అత్త కూడా ఆ చప్పుడు మా డబ్బాలోంచే వస్తోందని అనుకుంటే? పాలచెంబు చంకన పెట్టుకొని, సౌండు తగ్గించమని నన్ను తిట్టుకుంటూ, వామి పక్కనుంచే నడిచి వస్తే? కొట్టంలోంచి ఇంట్లోకి ఆ దారి తప్ప ఇంకో దారి లేదు.

చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాను. రెండూ కలిసి వణికాయి. ఇలాంటి చేత్తో నొక్కితే ఏవి వింటాయో, ఏవి వినవో దేవుడికే తెలియాలి. స్పీకర్లు ఆగి లైట్లు రాకపోవచ్చు. వాకిట్లో వెలిగి కొట్టంలో చీకటిగానే ఉండిపోవచ్చు. మామ కర్ర కోసం తడుముకుంటూ లేచాడు. ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను. "వదలమ్మా, మీయత్త ఒక్కతే ఉండాది" అంటున్నాడు. చెవిటి మనిషి గుసగుస మనకు అరుపే కదా, నేను ఆయన నోటిమీద చెయ్యి పెట్టాను. కోడలు మామ నోరు మూయడం ఏ ఇంట్లోనైనా ఉందో లేదో నాకు తెలియదు. టీవీలో పాట మొదలైంది, డప్పులతో. ఆ పాటలో బయటి చప్పుడు కలిసిపోయింది. ఇక ఏదీ వినపడలేదు. అది అన్నిటికంటే ఎక్కువ భయం. ఆమె అరిచినా మాకు వినపడదు.

తెలివిగా ఆలోచించి నొక్కకుండా ఉన్నానని తర్వాత ఊళ్లో చాలామంది మెచ్చుకున్నారు. తెలివీ లేదు, ధైర్యమూ లేదు. వేలు కదల్లేదు, అంతే.

పాట అయిపోయిందో లేదో, వంటింటి తలుపు దగ్గర చెంబు కిందపెట్టిన చప్పుడైంది. అత్త. చెంగు తలమీద కప్పుకొని నిలబడి ఉంది. మామ కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మెల్లగా. సామి మామిడితోపు దాటినాడు. దాటినా మెల్లగా" అంది అత్త. ఆమె ఏనుగును పేరుపెట్టి పిలవదు.

తిన్నగా నా దగ్గరికి వచ్చి రిమోటు తీసుకోబోయింది. రాలేదు. నా వేళ్లు దానికి అంటుకుపోయినట్టున్నాయి. ఆమె ఒక్కొక్క వేలూ విప్పింది. చివరికి బొటనవేలు. అంతసేపూ అది పచ్చబొట్టు మీదే ఉందని అప్పుడు చూసుకున్నాను.

"అత్తా, ఆ చప్పుడు మన డబ్బాలోది అనుకొని బయటికి వచ్చేస్తావేమో అని..." ఏడుపు ఆగలేదు నాకు.

"డబ్బాకు వాసన యాడిది మే?" అంది. "నువ్వు లైటు తీసేసినావే, అరిచేకి నోరు తెరిచినాను. అప్పుడే గుప్పుమనె వాసన. నోరు మూసుకొని, దూడ మూతి పట్టుకొని కుచ్చున్నాను. సామికీ నాకూ మధ్యలో తడిక ఒకటే."

"భయం కాలేదా?"

"ఎందుకు కాలేదు, అయింది. సామిని చూసి కాదు. ఆయన పాటికి ఆయన తింటా ఉన్నాడు, చీకట్లో నేనొకదాన్ని ఉండేదే ఆయనకు పట్టలేదు. నిన్ను తల్చుకొనే నాకు భయం. ఇప్పుడేస్తుందా లైటు, ఇంకాసేపటికేస్తుందా అని ప్రాణాలు ఉగ్గబట్టుకొని కుచ్చున్నాను."

రిమోటును నడుం దగ్గర కొంగులో దోపుకొని వంటింట్లోకి పోయి పాలు పొయ్యిమీద పెట్టింది. షిఫ్టు నుంచి వచ్చిన కొడుకు అడిగినా ఇవ్వలేదు.

మర్నాడు మా ఆయన కొట్టం బల్బును ఆ పెట్టెలోంచి విడదీసి, వేరే వైరు లాగి, ఆవును కట్టే గుంజకు ఒక మామూలు స్విచ్చు బిగించాడు, వాళ్లమ్మ కూర్చుంటే చేతికందేలా. సాయంత్రం అత్త చెంబు పట్టుకొని పోయి, దాన్ని రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. తర్వాత ఆర్పేసి, చీకట్లోనే పాలు పితికింది.