కొరాపుట్ గేటు దాకా వచ్చిన పైడితల్లి

కీకో జపాన్ నుంచి వచ్చి, రెండు వేల మూడులో విజయనగరంలో మా మేడమీద అద్దెకుండేది. యాభై దాటిన మనిషి. వాళ్ల తాతమ్మ కాలంలో జపాన్ పల్లెలకు మొదటిసారి రైలొచ్చిందట. ఆ వెనకే బట్టలు, జుట్టు ముడులు, తిండి అన్నీ మారిపోయాయట. రాయగడ నుంచి కొరాపుట్‌కు కొండల్లో వేసిన కొత్త లైను మీద వెళ్దామంది. జూన్‌లో బయల్దేరాం.

రాయగడలో తెల్లవారి ఆరింటికి ప్యాసింజరు ఎక్కాం. సొరంగాలు దాటుకుంటూ మధ్యాహ్నానికి కొరాపుట్ చేరాం. అక్కణ్ణుంచి మనిషికి పాతిక రూపాయలిచ్చి జీపులో లమ్తపుట్ వెళ్లాం. అక్కడ టీకొట్టు నడిపే పైడితల్లిది మా వైపు తెలుగే. నుదుటా గడ్డానా ఉన్న ఆమె పచ్చబొట్లను కీకో కన్నార్పకుండా చూసింది. పైడితల్లి కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను క్షమించమన్నాను.

"పర్లేదమ్మా. సిన్నప్పుడు అందానికని ఏయించుకున్నాం. ఇప్పుడు మా అమ్మికే సిగ్గు."

అమ్మి అంటే ఆమె పెంచిన తల్లిలేని మనవరాలు లచ్చిమి. మర్నాడు కొరాపుట్‌లో నర్సు ట్రైనింగులో చేరాలి. తోడుగా పక్కింటాయన వెళ్తున్నాడట.

"నువ్వెళ్లవా?" అన్నాను.

"నానెల్తే అక్కడోళ్లు నవ్వరేటి?"

లచ్చిమి తల దించుకుని సంచి సర్దుతోంది. నేను ఆ మాటలు కీకోకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి మాట్లాడసాగింది. ఒక్కో మాటా తెలుగు చేశాను. ఒకప్పుడు వాళ్ల దేశంలో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లు నల్లగా చేసుకునేవారు, అదే అందం. కొత్త కాలం వచ్చి అది మోటయింది. కీకో అమ్మమ్మ టీచరుగా చేరిన రోజు, నల్లపళ్ల తల్లిని తనతో రావద్దంది. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మమ్మ ఎనభై ఏళ్లప్పుడు కూడా ఆ మాట చెప్పి ఏడ్చేది," అంది కీకో.

"ఏటమ్మా, అంత దూరం దేశంలోనూ ఇదేనా!" అంది పైడితల్లి.

లచ్చిమి లోపలికెళ్లి ఉతికిన చీర తెచ్చింది. "మామ్మా, ఇది కట్టుకో. నువ్వొస్తేనే ఎల్తాను."

"కొట్టో?"

"రేపొక్క రోజు మూసీ."

పక్కింటాయనకు రానక్కర్లేదని చెప్పి, నాలుగింటికి నిండిన జీపులో నలుగురం కొరాపుట్ వచ్చాం. మర్నాడు నర్సుల హాస్టల్ గేటు దగ్గర గుమాస్తా ముసలామెను ఎగాదిగా చూసి, ఎవరని ఒడియాలో అడిగాడు. లచ్చిమి మామ్మ చెయ్యి వదల్లేదు. "మా మామ్మ. నన్ను పెంచింది ఈవిడే," అని ఒడియాలోనే చెప్పింది.

లచ్చిమి పచ్చబొట్టు పొడిపించుకోదు, పొడిపించుకోవాలని పైడితల్లీ అనదు. మారేవి మారనీ. ఆ ఉదయం ఇద్దరూ కలిసి లోపలికి నడుస్తుంటే కీకో నా భుజం పట్టుకుని, అమ్మమ్మను తలచుకుంటూ నిలబడింది.

వెళ్లేవారికి ఒక్కమాట: లమ్తపుట్ నుంచి జీపు నిండితేనే కదులుతుంది. రాత్రి బసకు కొరాపుట్‌లో గది ముందే చూసుకుంటే, టీకొట్టు దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు.