నాలుగు డిగ్రీల గీత

ఒక పెళ్లి భోజనం ముగిసేలోపు గులాబీల మీద బతికే మా బావ నోట్లో మట్టి ఎలా కొట్టానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకైతే గులాబీ కనిపిస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మా అక్క మొగుడు వెంకటప్ప బావ జవళగిరి దగ్గర గులాబీలు పండిస్తాడు. మొగ్గల్ని కోసి చలిగదిలో పెట్టి, విచ్చుకోకముందే లారీ ఎక్కించాలి. విచ్చుకున్నదాన్ని కొనేవాడు లేడు. ఆ ఏడు ప్రేమికుల రోజుకని తోటంతా కోసి గది నింపాడు. సోమవారం లారీ వస్తుంది. గదిని చల్లగా ఉంచేది మూలనున్న పాత కంప్యూటరు. అందులో చలి ప్రోగ్రాము ఒకటి, ఆ చలిని ఫోన్‌లో గీతగా చూపించే ప్రోగ్రాము ఇంకొకటి. రెండోది నేను రాసింది. హోసూరులో కంప్యూటరు ఉద్యోగం కదా, చేతులు ఊరుకోవు.

శనివారం బావ అన్నాడు: "ఏమప్పా, ఈ పెట్టె నత్త మాదిరి పోతా ఉండాది. బటన్ నొక్కి, కాఫీ తాగొచ్చినా తెర మారదు."

చూశాను. మెమరీ చాలక కెర్నల్, అంటే కంప్యూటరు లోపల పెత్తనం చేసే పెద్దదిక్కు, సామానంతా డిస్కు మీదికి ఎక్కిస్తూ దించుతూ ఉంది. దాన్ని స్వాప్ అంటారు.

"ఇల్లు ఇరుకైతే సామాను అటక మీద పెడతాము గదా బావా, అదే ఇది. నిచ్చెన ఎక్కి దిగేదానికే దీనికి పొద్దు పోతా ఉండాది. అటక తీసేస్తే సరి."

"తీసేస్తే, ఇల్లు నిండినప్పుడు?"

"నేను లేనా బావా?"

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. చాలా ఇళ్లు ఇక్కడే కూలాయి.

స్వాప్ ఆపేసి కంప్యూటరును మళ్లీ ఆన్ చేశాను. జింకలా పరిగెత్తింది. అసలు ఎందుకు ఇరుకైందో మాత్రం వెతకలేదు. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టినవాడి గురించి వినే ఉంటారు. నేను ఆ ఎలుకను పెంచినవాణ్ణి కూడా.

మరునాడు కృష్ణగిరిలో పెళ్లి. పంక్తిలో అందరికీ ఫోన్ చూపించాను.

"నాలుగు డిగ్రీలు! పొద్దుట్నించి గీత ఇంతైనా కదిలిందా?"

"మొన్నటిదాకా వంకరటింకరగా పోతా ఉండె గదప్పా?" అన్నాడు బావ.

"అది అటక ఉన్నప్పుడు బావా!"

బావ తల్లి మునెమ్మత్త కళ్లద్దాలు సర్దుకుని తొంగి చూసింది. "ఆస్పత్రిలో మీ మామకు గూడా గీత ఇట్లే నేరుగా పోయిందప్పా. అంతే, ఆయన లేసింది లేదు."

పంక్తంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బావ ఒక్కడే ఆకు మడిచి లేచాడు.

సాయంత్రం గది తలుపు తీస్తే వెచ్చటి వాసన మొహానికి కొట్టింది. మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. అంత అందం నా జన్మలో చూడలేదు. అంత పనికిరాని అందం కూడా.

నా ప్రోగ్రాము గీసిన ప్రతి గీతకూ మెమరీలో కొంత చెత్త మిగిల్చి, ఊడ్చేది కాదు. అటక ఉన్నన్నాళ్లూ ఆ చెత్త ఏదో ఒక మూల సర్దుకుంది. అటక పోయాక ఇల్లు నిండిపోయింది. అప్పుడు కెర్నల్ చేసేది ఒకటే, ఎవరినో ఒకరిని చంపి మిగతావాళ్లకు ఊపిరి ఆడేలా చేయడం. పాపం ఎవరిదని చూడదు, లావు ఎవరని చూస్తుంది. పాత లెక్కలన్నీ మోస్తున్న చలి ప్రోగ్రామే లావు. అది పోయింది, దాంతో గదిలో చలీ పోయింది. నాది బతికి, చచ్చినదాని చివరి అంకెనే రోజంతా గీస్తూ కూర్చుంది.

"అయితే తప్పు నీదానిది, చచ్చింది అదా?" అన్నాడు బావ.

"అవును బావా."

"నిదానంగా పోయినా అప్పుడు బతికుండె గదప్పా." అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం లారీ ఖాళీగా తిరిగిపోయింది. అక్క ఏడుస్తూనే పూలు ఊరంతా పంచింది. ఆ వారం జవళగిరిలో ఆవుల కొమ్ములకూ గులాబీలే.

తర్వాత చిన్న అటక మళ్లీ కట్టాను. చలి ప్రోగ్రామును ముట్టుకోవద్దని, చోటు చాలకపోతే ముందు నాదాన్నే చంపమని కెర్నల్‌కు చెప్పాను. నా చెత్త నేనే ఊడ్చాను. ఆపై బావ ముందు నిలబడి, గులాబీ ముల్లు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: "కారణం వెతకకుండా ఏ ఇంటి అటకా తియ్యను. కదలని గీతను చూసి మురిసిపోను. 'నేను లేనా' అనే మాట ఈ జన్మలో అనను."

బావ అంతా విన్నాడు.

"ప్రమాణం బాగుండాదప్పా. గది తాళంచెవి మాత్రం మీ అక్క దగ్గరే ఉంటాది."